పప్పు తింటే చీము పడుతుందా? పన్ను పీకించుకున్న వారంలో తిండి లెక్క

కింది దవడలో కుడిపక్క జ్ఞానదంతం అడ్డంగా పడుకుని మొలిచింది. చిగురు కోసి, పన్నును ముక్కలు చేసి తీసి, మూడు కుట్లు వేసి పంపించారు. చేతికిచ్చిన చీటీలో మందుల పేర్ల కింద తిండి గురించి రెండే మాటలున్నాయి: సాఫ్ట్ డైట్. ఇంటికొచ్చాక అమ్మ ఆ చీటీ చూడనే లేదు. ఆవిడ దగ్గర ఇంకో చీటీ ఉంది, కాగితం మీద లేనిది. పప్పు వద్దు, చీము పడుతుంది. పెరుగు వద్దు, గాయం మానదు. గుడ్డు వద్దు, వేడి చేస్తుంది. వంకాయ, గోంగూర సంగతి అడగనే అక్కర్లేదు.

డాక్టరు గట్టివి వద్దన్నారు. అమ్మ బలమైనవి వద్దంది. ఇద్దరి మాటా విన్నాక మిగిలినవి మెత్తటి అన్నం, చారు, పాలల్లో ముంచిన బ్రెడ్డు, సగ్గుబియ్యం జావ. మూడు రోజులు అవే తిన్నాను. నాలుగో రోజు పొద్దున మంచం మీంచి లేస్తే కళ్ళు తిరిగాయి. ఆపరేషన్ నీరసం అనుకున్నాం అందరం. తర్వాత ఆ మూడు రోజుల తిండి కూర్చుని లెక్కేస్తే తెలిసింది, అందులో చాలావరకు ఆకలే.

పన్ను పీకించుకున్నవాళ్ళకు ఏం పెట్టాలని ఎవరినడిగినా ‘మెత్తగా ఏదైనా’ అంటారు. చిక్కంతా ఆ ‘ఏదైనా’లోనే ఉంది. మెత్తగా ఉన్నదల్లా బలం ఇవ్వదు, మెత్తగా ఉన్నదల్లా గాయానికి పడదు కూడా. ముందు గాయం దగ్గర్నుంచి మొదలుపెడదాం.

గుంటలో ఏం జరుగుతుంది

పన్ను ఊడొచ్చిన చోట ఎముకలో ఒక గుంట మిగులుతుంది. కాసేపటికి అందులో రక్తం గడ్డకడుతుంది. అద్దంలో చూసుకుంటే నల్లగా, జిగటగా, వేలు పెట్టి తీసేద్దామా అనిపించేలా ఉంటుంది. ఆ గడ్డే గాయానికి మూత. కింద ఉన్న ఎముకనీ నరాల కొసలనీ కప్పి ఉంచేది అదే, కొత్త కండ పాకడానికి పందిరి కూడా అదే. వారం తిరిగేసరికి దాని చోట ఎర్రటి లేత కండ వస్తుంది. పైన చిగురు మూసుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, లోపల ఎముక నిండడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఈ గడ్డ వేళకు ముందే ఊడిపోయినా, కరిగిపోయినా వచ్చే బాధ పేరు డ్రై సాకెట్. సాధారణంగా రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మొదలవుతుంది. తగ్గుతున్నట్టే ఉన్న నొప్పి ఒక్కసారిగా పెరిగి చెవి దాకా, కణత దాకా లాగుతుంది. నోట్లోంచి పాడు వాసన వస్తుంది. మామూలు పళ్ళు తీయించుకున్నవాళ్ళలో నూటికి రెండు నుంచి ఐదుగురికి వస్తుందని అంచనా. కింది జ్ఞానదంతాల విషయంలో ఆ అంకె ఇంకా పైకి పోతుంది, సిగరెట్ తాగేవాళ్ళకు మరీను. అలాంటి నొప్పి మొదలైతే వంటింటి వైద్యం మానేసి మళ్ళీ పంటి డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. గుంట కడిగి మందు పెడితే చాలామందికి ఆ పూటే హాయిగా ఉంటుంది. ఆ మందులో తరచూ ఉండేది లవంగ నూనెలోని యూజినాలే. అలాగని ఇంట్లో లవంగాలు దంచి గుంటలో కూరుకోకూడదు, పచ్చి గాయం మీద అది మంట. పసుపు కూరడమూ అంతే.

మొదటి రోజు తిండి నియమాలన్నీ ఈ గడ్డను కాపాడుకోవడం కోసమే. స్ట్రా వద్దనేది అందుకే: స్ట్రాతో పీల్చినప్పుడు నోట్లో గాలి లాగినట్టవుతుంది, ఆ లాగుడుకు గడ్డ కదలొచ్చు. ఇది అందరికీ తెలిసిందేగా అంటారు, కానీ ఆసుపత్రి గేటు బయటే కొబ్బరిబొండాల బండి ఉంటుంది. ‘నీరసంగా ఉంటారు, తాగండి’ అని మనతో వచ్చినవాళ్ళు కొట్టించి, స్ట్రా వేసి మరీ చేతిలో పెడతారు. నీళ్ళు మంచివే, గ్లాసులో పోయించుకుని తాగాలి. అన్నట్టు కొబ్బరినీళ్ళు దాహానికి పనికొస్తాయి, ఆకలికి కాదు. గ్లాసుకు 40 కేలరీల వరకే ఉంటాయి. ఒక పూట భోజనం బదులు బొండాం తాగి పడుకుంటే పొట్టలో ఏమీ వేసుకోనట్టే.

గట్టిగా ఉమ్మడం, పుక్కిలించడం కూడా మొదటి 24 గంటలు వద్దు, కారణం అదే. మత్తు ఇంజెక్షన్ దిగడానికి రెండు నుంచి నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా ఏదీ నమలకూడదు. పెదవి కొరుక్కున్నా తెలియదు, కాఫీ కాలినా తెలియదు. చిన్నపిల్లలయితే మొద్దుబారిన పెదవిని సరదాగా కొరుక్కుని సాయంత్రానికి పుండు చేసుకుంటారు.

వేడి కూడా మొదటి రోజు శత్రువే. వేడికి అక్కడి రక్తనాళాలు వెడల్పై మళ్ళీ రక్తం ఊరుతుంది. కాబట్టి చల్లనిది, లేదా గోరువెచ్చనిది. ఇక్కడే ఐస్‌క్రీమ్ వస్తుంది. పన్ను పీకించుకుంటే ఐస్‌క్రీమ్ తినొచ్చని పిల్లలకు ఆశ పెట్టి తీసుకెళ్తాం కదా, తప్పేం లేదు. చెంచాతో, కోన్ లేకుండా, జీడిపప్పు, బాదం పలుకులు లేనిది. హాయిగా ఉంటుంది, కొన్ని కేలరీలు వస్తాయి. దాన్నే మూడు పూటలా భోజనం చేస్తే మాత్రం తిన్నది పంచదార అవుతుంది.

చారులో ఆవగింజ

మెత్తని తిండి ఎక్కడ మోసం చేస్తుందో నాకు మూడో రోజు తెలిసింది. చారన్నం. అన్నం గుజ్జులా ఉడికించింది అమ్మ, చారు గోరువెచ్చగా ఉంది, కారం లేదు. రెండు ముద్దలయ్యాక కుట్ల దగ్గర ఏదో గుచ్చుకుంది. నాలుకతో తోస్తే ఇంకా లోపలికి పోయింది. చివరికి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, సింకులోకి జారవిడిస్తే బయటపడింది: ఒక్క ఆవగింజ. పోపులోది.

మన వంటలో మెత్తదనానికి అడ్డొచ్చేవి కూరముక్కలు కావు, పోపు గింజలు. ఆవాలు, జీలకర్ర, విరిగిన ఎండుమిరప ముక్క, శనగపప్పు పలుకు, కరివేపాకు ఈనె. ఇవి గుంటలో ఇరుక్కుంటే తీయడం కష్టం, తీయబోతే గడ్డ కదులుతుంది. టమాటా గింజలు, జామ గింజలు, నువ్వులు, గసగసాలు కూడా ఈ కోవే. ఉప్మా మెత్తగానే ఉంటుంది కానీ అది రవ్వ, అందులోనూ గోధుమరవ్వ అయితే పలుకులు పలుకులుగా ఉంటుంది. అందుకని మొదటి వారం చారయినా పప్పయినా పోపు వేసి వడగట్టడం, లేకపోతే నేతిలో కాస్త ఇంగువ, జీలకర్ర పొడి వేసి ఊరుకోవడం మేలు. ఇంగువ వాసన ఉంటే పోపు లేని లోటు సగం తీరుతుంది.

ఎదురుపక్క నమలాలి, చిన్న చెంచాతో తినాలి. కింది జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళకు రెండో మూడో రోజుకి వాపు పూర్తిగా వస్తుంది, దవడ బిగుసుకుని నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోదు. సాంబారు చెంచా పట్టదు, పసిపిల్లల చెంచా పడుతుంది. ఒక్కో చెంచా పెట్టుకుంటూ కూర్చుంటే గిన్నె జావ తాగడానికి అరగంట పడుతుంది, సగంలోనే విసుగొచ్చి పక్కన పెట్టేస్తారు. అందుకే ఆ సగంలో ఏముందన్నది ముఖ్యం.

పత్యం ఎక్కడ దారి తప్పింది

‘పప్పు తింటే చీము పడుతుంది’ అన్న మాట ఆంధ్రలోనూ తెలంగాణలోనూ వినని ఇల్లు ఉండదు. కాలు విరిగినా, కాన్పయినా, పన్ను ఊడినా మొదట ఆగేది పప్పే. చీము అంటే క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాలు, చచ్చిన క్రిములు, పాడైన కండ కలిసిన ద్రవం. గాయంలోకి క్రిములు చేరి పెరిగితే చీము పడుతుంది. గిన్నెలోని కందిపప్పు పొట్టలోకి పోయి అరుగుతుంది, గాయంలోకి పోదు. పైగా గాయం మానడానికి ఒళ్ళు అల్లుకునే కొల్లాజెన్ ఒక ప్రొటీన్, క్రిములతో పోరాడే యాంటీబాడీలూ ప్రొటీన్లే. వాటికి ముడిసరుకు తిండిలోని ప్రొటీన్ నుంచే రావాలి. మాంసం తినని ఇంట్లో ఆ ముడిసరుకు ఎక్కువగా వచ్చేది పప్పూ పాలూ పెరుగుల్లోంచి. చీము భయంతో మనం ఆపేది సరిగ్గా వాటినే.

మరి ఈ మాట ఎక్కడిది? రంగూ చిక్కదనం చూసి ఎవరో ఊహించారని నేను చాలాకాలం అనుకున్నాను. దాని వెనక అంతకంటే పాత సంగతే ఉంది. ఆయుర్వేదంలోని పాత గ్రంథం సుశ్రుత సంహితలో గాయపడ్డవాడి పోషణ గురించి ఒక అధ్యాయం ఉంది. కొత్త ధాన్యం, మినుములు, నువ్వులు, బటానీలు, ఉలవలు, అనుములు, పాలు, పెరుగు, మజ్జిగ లాంటివాటిని గాయం ఉన్నవాడు మానాలని, అవి చీమును పెంచుతాయని అందులో చెప్పారు. అంటే మన అమ్మమ్మలు గాలిలోంచి పుట్టించిన మాట కాదు.

కానీ అదే అధ్యాయంలో తినాల్సినవి కూడా చెప్పారు. పాత బియ్యంతో వండిన అన్నం, నెయ్యి తగిలించి, జారుగా, వెచ్చగా, కొంచెం కొంచెంగా. దాంతో అడవి జంతువుల మాంసరసం, లేదా పెసలు లాంటివి ఉడికించి తీసిన కట్టు. దానిమ్మ, ఉసిరిక. అలా తింటే గాయం త్వరగా మానుతుందని. పంచకర్మలాంటి శోధన చికిత్సల తర్వాత ఆయుర్వేదం చెప్పే వరసలోనూ ముందు పల్చటి గంజి, తర్వాత చిక్కటి జావ, ఆ తర్వాత పెసరకట్టు, చివరికి మాంసరసం వస్తాయి. ఒక్కో మెట్టు ఎక్కిస్తూ పోవడం ఆ పద్ధతి. మనింట్లో మొదటి మెట్టు మీదే రోగిని కూర్చోబెట్టేశాం. వద్దన్న జాబితా తరతరాలుగా పెరిగింది, నాలుగైదు గింజల మీది నిషేధం పప్పులన్నిటికీ పాకింది. తినమన్న జాబితా మాత్రం ఎవరికీ గుర్తులేదు.

పాలూ పెరుగు మీద ఆ పాత నిషేధాన్ని ఇవాళ పాటించాల్సిన పని కనిపించదు. పెరుగు గాయాన్ని పుండు చేస్తుందనడానికి ఆధారం లేదు. చల్లగా, మెత్తగా, నమిలే పని లేకుండా ఉండి, యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడు కదిలే పొట్టకు హాయిగా ఉండే తిండి ఇంకోటి చూపించమనండి. అలాగని పత్యాన్ని మొత్తంగా కొట్టేయలేం. కారం, పులుపు, వేపుళ్ళు, ఆవకాయ వద్దనడం, నెయ్యి వేయమనడం, వేళకు కొంచెం కొంచెం పెట్టడం, ఇవన్నీ నోట్లో కుట్లున్నవాడికి చక్కగా సరిపోయే మాటలే.

జావ గ్లాసులో ఎంత ఉంది

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పెద్ద సర్జరీల తర్వాత కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా ఇవ్వమంటారు. ఒక్క పన్ను తీయించుకున్నవాళ్ళకు అంత హైరానా అక్కర్లేదు, కానీ మామూలుగా కావాల్సిన 50 కూడా అందకపోతే మాత్రం బాగుండదు.

నా మూడు రోజుల తిండి చూడండి. రెండు పూటలా కప్పు చొప్పున అన్నం, అంతా కలిపి 8 గ్రాములు. చారు, లెక్కలోకి రాదు. నాలుగు బ్రెడ్డు ముక్కలు 8, గ్లాసు పాలు 6. సగ్గుబియ్యం జావ దాదాపు సున్నా. సగ్గుబియ్యం అంటే కర్రపెండలం దుంపలోని పిండి, గింజ రూపంలో. శక్తి ఇస్తుంది, కండ ఇవ్వదు. మొత్తం రోజుకు పాతిక గ్రాములు దాటలేదు.

రాగిజావ విషయంలో చాలామంది నొచ్చుకుంటారేమో కానీ చెప్పాలి. రెండు చెంచాల రాగిపిండి, అంటే సుమారు 20 గ్రాములు, గ్లాసు నీళ్ళల్లో కాస్తే వచ్చేది 65 కేలరీలు, గ్రామున్నర ప్రొటీన్, 70 మిల్లీగ్రాముల కాల్షియం. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ వంద గ్రాముల పిండి కలిపితే అది జావ కాదు, సంకటి. జావను తప్పు పట్టడం లేదు. నీళ్ళతో కాయడం బదులు పాలతో కాయండి, లేదా చిక్కగా కాచి చల్లారాక గ్లాసెడు చిక్కటి మజ్జిగ కలపండి. పాలతో కాస్తే అదే గ్లాసు 8 గ్రాముల ప్రొటీన్, 300 మిల్లీగ్రాముల కాల్షియం అవుతుంది. చెంచా పాలపొడి కూడా కలిపితే ఇంకో 3 గ్రాములు. నోరు తెరుచుకోని రోజుల్లో పని చేసే కిటుకు ఇదొక్కటే: గిన్నె పెద్దది చేయలేం కాబట్టి గిన్నెలో ఉన్నదాన్ని చిక్కన చేయడం.

అమ్మను ఒప్పించిన వంట పెసరపప్పు పొంగలి. గుళ్ళో పెట్టే పొంగలిలో బియ్యం ఎక్కువ, పప్పు తక్కువ. ఇక్కడ సగం సగం. 50 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పెసరపప్పు, కడిగి, కొలతకు ఐదింతల నీళ్ళు పోసి, కుక్కర్లో ఆరు విజిల్స్. మూత తీశాక పప్పుగుత్తితో పలుకు లేకుండా మెదిపి, ఉప్పు, నెయ్యి, చిటికెడు జీలకర్ర పొడి. మిరియాలు, జీడిపప్పు వద్దు. చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి పక్కన వేడినీళ్ళు ఉంచుకుని కలుపుకుంటూ ఉండాలి. రెండు పూటలకు వచ్చే ఆ గిన్నెలో 16 గ్రాముల ప్రొటీన్ ఉంది. పైగా ప్రొటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాల్లో బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది, కలిపి తింటే రెండింటి లోటూ తీరుతుంది. పప్పు మీద తేరిన కట్టు ఒక్కటే తాగి ముద్దను వేరేవాళ్ళకు వదిలేసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అలా చేస్తే బలం వేరేవాళ్ళకు పోతుంది.

ఆ గిన్నెకు తోడు రెండు గ్లాసుల పాలు 13 గ్రాములు, రెండు కప్పుల పెరుగు 12, ఇంట్లో విరగ్గొట్టిన పాలవిరుగుడు 50 గ్రాములు 9, ఇంకో పూట గరిటెడు ముద్దపప్పు 5 లేక 6. యాభై దాటేస్తుంది, మాంసం గుడ్డు అక్కర్లేకుండానే. పొట్లకాయ ముక్కల్ని గుజ్జుగా ఉడికించి పాలు పోసి చేసే కూరను ఈ వారం కోసమే కనిపెట్టారేమో అనిపిస్తుంది.

గుడ్డు తినేవాళ్ళకు పని ఇంకా తేలిక. ఒక్కో గుడ్డులో 6 గ్రాములు. మూడో రోజు నుంచి నెయ్యి వేసి సన్నటి సెగ మీద మెత్తగా చేసిన పొరటు, ఉల్లి మిరప లేకుండా, చారన్నంలో కలిపేసుకోవచ్చు. పచ్చిగుడ్డు పాలల్లో కొట్టి తాగించే అలవాటు మానేయాలి. సాల్మొనెల్లా అనే క్రిమి భయం ఒకటి, అసలు పచ్చిగుడ్డు ప్రొటీన్‌లో సగమే ఒంటబడుతుంది, ఉడికిస్తే తొంభై శాతం దాకా. చేపల్లో కొరమీను మంచిది. తెలంగాణ రాష్ట్ర చేప అది. సన్నముళ్ళు తక్కువ, ఉడికితే పొరలు పొరలుగా విడిపోతుంది. మలేసియాలో ఇదే జాతి చేపను హరువాన్ అంటారు, ఆపరేషన్లు, కాన్పులు అయినవాళ్ళకు గాయం మానడానికి అక్కడ ప్రత్యేకంగా వండిపెడతారు. మనవాళ్ళు మాత్రం అదే గాయానికి చేప నీచు అంటారు.

ఎముకల సూప్ గురించి ఒక మాట. ‘దవడ ఎముక అతుక్కుంటుంది, పాయా తాగించండి’ అని సలహా ఇవ్వని బంధువు ఉండడు. రుచికి, వెచ్చదనానికి తాగండి. ఎముకలోని కాల్షియం నీళ్ళలోకి దిగేది చాలా కొద్ది. దిగే జిలటిన్ ప్రొటీనే అయినా అసంపూర్ణమైనది, ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అందులో లేదు. ఒక గ్లాసు పాలు దానికంటే నయం.

విటమిన్ సి లేకపోతే ఒళ్ళు కొల్లాజెన్‌ను సరిగ్గా అల్లలేదు. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉన్న నావికులకు చిగుళ్ళు ఉబ్బి రక్తం కారి పళ్ళు ఊడిపోయిన స్కర్వీ జబ్బు దీని లోటువల్లే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజలు, నిమ్మకాయలు ఇచ్చి చూసి గుణం గమనించాడు. కానీ పచ్చి గాయం మీద నారింజ రసం భగ్గుమంటుంది, జామపండులో గింజలు. బాగా మాగిన బొప్పాయి ఈ చిక్కు రెండూ లేనిది, వంద గ్రాముల్లో 40 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. గింజలు తీసి, నొక్కి, చెంచాతో తినాలి. గర్భిణులు తమ డాక్టరునడిగి తినడం మంచిది.

మందులూ తిండీ

నొప్పి బిళ్ళలు ఖాళీ కడుపుతో వేసుకుంటే మంట, వాంతి. ‘నోరు తెరవలేకపోతున్నా, ఏమీ తినలేదు, నొప్పికి బిళ్ళ మాత్రం వేసుకున్నా’ అనేవాళ్ళు ఆ రాత్రి గాయంతో కాక కడుపుతో బాధపడతారు. బిళ్ళకు ముందు కనీసం కప్పు పెరుగన్నం గుజ్జు. పళ్ళ డాక్టర్లు తరచూ రాసే మెట్రొనిడజోల్ వేసుకున్నన్నాళ్ళూ నోరంతా ఇనుము నాకినట్టుంటుంది, ఏది తిన్నా సయించదు. వంట బాగోలేదని ఇంట్లోవాళ్ళను అనకండి, అది మందు పని. ఆ మందు వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత రెండు మూడు రోజుల దాకా మద్యం ముట్టకూడదు. డాక్సీసైక్లిన్ లాంటివి రాస్తే పాలకూ బిళ్ళకూ రెండు గంటల ఎడం ఉంచాలి, కాల్షియం ఆ మందును పట్టేసుకుంటుంది. అమాక్సిసిలిన్‌కు ఆ చిక్కు లేదు.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి వేరు. మెత్తగా, జారుగా ఉడికిన పిండి ఎంత త్వరగా అరుగుతుందో రక్తంలో చక్కెర అంత త్వరగా లేస్తుంది. సగ్గుబియ్యం, బెల్లం వేసిన జావ, పళ్ళరసం వాళ్ళకు పనికిరావు. ముద్దపప్పు, పెరుగు, గుడ్డు పనికొస్తాయి. రెండో ప్రమాదం దానికి తిరగబడిన రకం: తిండి సగానికి తగ్గించి మందో ఇన్సులినో యథాప్రకారం తీసుకుంటే చక్కెర పడిపోతుంది. సర్జరీకి ముందు రోజే ఈ మాట డాక్టరుతో తేల్చుకోవాలి.

ఒక్క పన్ను తీయించుకున్న పాతికేళ్ళవాడు వారం రోజులు ఏం తిన్నా, తినకపోయినా తట్టుకుంటాడు. అసలు దిగులు పడాల్సింది ఉన్న పళ్ళన్నీ తీయించుకుని కట్టుడు పళ్ళ కోసం ఎదురుచూసే పెద్దవాళ్ళ గురించి, దవడ విరిగి తీగలతో బిగించి కట్టినవాళ్ళ గురించి. తీగలు నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటాయి, అన్నాళ్ళూ ద్రవాలే. చారు, గంజి, బార్లీ నీళ్ళతో ఆ నెల గడిపితే బట్టలు వదులవుతాయి. అలాంటప్పుడు పొంగలిని మిక్సీలో వేసి పాలతో పల్చన చేసి వడగట్టడం, ప్రతి గ్లాసులో చెంచా నెయ్యో పాలపొడో కలపడం, రోజుకు ఆరేడు సార్లు ఇవ్వడం, వారానికోసారి బరువు చూడడం. పెద్దవాళ్ళు ‘నాకింత చాలు’ అని గ్లాసు పక్కన పెడితే మొహమాటపడి ఊరుకోకూడదు.

మామూలు కేసుల్లో రెండో రోజు నుంచి ఏం తిన్నా తర్వాత గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి నోట్లో మెల్లగా తిప్పి జారవిడవాలి. నాలుగో రోజుకి ఇడ్లీ పాలల్లో నానబెట్టి, వారానికి మెత్తటి ఆనపకాయ కూర, కీమా కావాలంటే కుక్కర్లో గుజ్జు చేసి. కుట్లు విప్పాక చపాతీ. జంతికలు, అటుకుల మిక్చరు, వేరుశనగలు, ఆవకాయ ముక్క ఇవి మాత్రం గుంట పైన మూసుకునేదాకా ఆగాలి, ఎవరెంత ఊరించినా.

ఆ తర్వాతి ఏడు అమ్మకే రెండు దవడ పళ్ళు తీయాల్సి వచ్చింది. ఇంటికొచ్చి పడుకుంది, దూది ఇంకా కొరికిపట్టుకునే ఉంది. సాయంత్రం గిన్నెలో పొంగలి మెదిపి, నెయ్యి వేసి, చల్లార్చి, చిన్న చెంచా పెట్టి ఇచ్చాను. గిన్నెను వాసన చూసింది. దూది తీసి అడిగింది, ‘ఇందులో పప్పు వేశావా?’ అని. పెసరపప్పేనమ్మా అన్నాను. ‘పెసరపప్పయితే పత్యమేలే’ అని చెంచా అందుకుంది. ‘పోపు వేయలేదేం?’ అని కూడా అడిగింది.